తొలి డంపును తుడిచేయకండి

విశాఖపట్నం పోర్టులో బొగ్గు దించి, ఇనుప ఖనిజం ఎత్తుకుపోయే పెద్ద ఓడల మీద వాయేజ్ డేటా రికార్డర్ అనే పరికరం ఉంటుంది. విమానంలో బ్లాక్ బాక్స్ చేసే పనే ఓడలో ఇది చేస్తుంది. అంతర్జాతీయ నౌకాయాన సంస్థ నిబంధనల ప్రకారం 2002 జులై 1 తర్వాత నిర్మించిన, 3,000 గ్రాస్ టన్నులు, ఆపైన ఉన్న సరుకు ఓడలకు ఇది తప్పనిసరి. ఓడ ఎక్కడుంది, ఎంత వేగంతో పోతోంది, రాడార్‌లో ఏం కనిపించింది, బ్రిడ్జి మీద ఎవరేం మాట్లాడారు, ఇంజిన్‌కు ఏ ఆజ్ఞ వెళ్లింది, అన్నీ అందులో నమోదవుతాయి. 2014 జులై 1 నుంచి అమర్చేవాటికి ప్రమాణం మరింత కట్టుదిట్టమైంది. ఓడకు బిగించిన పెట్టెలో 48 గంటలు, ఓడ మునిగితే విడివడి పైకి తేలే పెట్టెలో 48 గంటలు, లోపలి రికార్డర్‌లో 30 రోజుల సమాచారం నిలవాలి. గడువు నిండాక కొత్త సమాచారం పాతదాని మీద పడి దాన్ని చెరిపేస్తుంది. అందుకే ప్రమాదం జరిగాక ఆ రికార్డును వెంటనే భద్రపరచాలి. ఆ పని మరిచిపోతే పెట్టె చెక్కుచెదరకుండానే ఉంటుంది, సాక్ష్యం మాత్రం మిగలదు. ఏది దాచాలి, ఎక్కడ దాచాలి, ఎంతకాలం ఉంచాలి, చెరపడం ఎప్పుడు ఆపాలి అన్న నాలుగు ప్రశ్నలకు నౌకాయాన రంగం ప్రమాదానికి ముందే జవాబు రాసిపెట్టుకుంది. కంప్యూటర్ ప్రోగ్రాములు కూలిపోయినప్పుడు మిగిలే క్రాష్ డంపుల విషయంలో ఈ ప్రశ్నలు చాలాచోట్ల ఎవరూ అడగడం లేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చిన సెట్టింగులనే అలా వదిలేస్తున్నారు. ఆ సెట్టింగులు పెట్టింది సామాన్య వినియోగదారుడి డిస్కు నిండిపోకుండా చూడటానికి. ఉక్కు, ఓడలు, విద్యుత్తు నడిపే యంత్రాల్లో కారణం వెతకడానికి అవి చాలవు.

అసలు డంపు ఎలా పుడుతుందో చూద్దాం. నడుస్తున్న ప్రోగ్రామ్ తనది కాని మెమరీ చిరునామాను ముట్టుకుంటే ప్రాసెసర్ దాన్ని అక్కడికక్కడే ఆపి, అదుపును కెర్నెల్‌కు అప్పగిస్తుంది. లినక్స్‌లో అయితే కెర్నెల్ ఆ ప్రోగ్రామ్‌కు 11వ నంబరు సిగ్నల్ పంపుతుంది. ప్రోగ్రామ్ దాన్ని పట్టుకుని వేరే ఏర్పాటు చేసుకోకపోతే, కెర్నెల్ ఆ ప్రోగ్రామ్‌ను ముగించే ముందు దాని రిజిస్టర్లలోని విలువలు, ప్రతి థ్రెడ్ తాలూకు స్టాక్, మెమరీలోని భాగాలు ఒక ఫైలులోకి రాస్తుంది. అదే డంపు. దీనికీ లాగ్‌కూ తేడా గమనించాలి. తూకం లెక్కలు చూసే ఒక ప్రోగ్రామ్ రాత్రిపూట కూలిందనుకుందాం. లాగ్‌లో ‘2 గంటల 17 నిమిషాలకు ఆగిపోయింది’ అన్న ఒక్క వాక్యం ఉంటుంది. డంపు తెరిస్తే ఏ ఫంక్షన్‌లో ఏ వరుస దగ్గర ఆగింది, దాన్ని పిలిచిన ఫంక్షన్ ఏది, ఆ క్షణంలో లారీ నంబరు ఉండాల్సిన చోట సున్నా చిరునామా ఎందుకు ఉంది అన్నది వెనక్కి నడుస్తూ చూడవచ్చు. లాగ్‌లో రాయించేది ప్రోగ్రామర్ ముందే ఊహించిన సంగతులు. ప్రోగ్రామ్‌ను కూల్చేది ఎవరూ ఊహించనిది. అందుకే లాగులుంటే చాలన్న వాదనతో ఏకీభవించలేను.

ఇక సెట్టింగుల సంగతి. చాలా లినక్స్ పంపిణీల్లో మామూలు ప్రోగ్రాములకు డంపు పరిమాణపు పరిమితి సున్నాగానే ఉంటుంది, అంటే ఫైలు అసలు పుట్టదు. పరిమితి ఎత్తేస్తే, వేరే ఏర్పాటు లేని యంత్రంలో ప్రోగ్రామ్ ఆ సమయానికి ఏ డైరెక్టరీలో పనిచేస్తోందో అక్కడే ‘కోర్’ అన్న పేరుతో ఫైలు పడుతుంది. మళ్లీ కూలితే అదే పేరుతో పాతదాని మీద కొత్తది పడుతుంది. దీనికి మందు కెర్నెల్‌లోని కోర్ ప్యాటర్న్ అనే సెట్టింగ్‌లో ఉంది. ఫైలు పేరులో ప్రోగ్రామ్ పేరు, ప్రాసెస్ సంఖ్య, సమయం చేర్చమని అక్కడ ఒక్క వరుస రాస్తే చాలు, ఏ డంపూ మరోదాన్ని మింగదు. మనం కోరిన డైరెక్టరీకి పంపవచ్చు, లేదంటే డంపును నేరుగా మరో ప్రోగ్రామ్ చేతికి అందించవచ్చు. లినక్స్ సర్వీసులను నడిపే సిస్టమ్‌డీకి చెందిన డంపు సేకరణ పెట్టుకున్న యంత్రాల్లో ఆ రెండో పద్ధతిలోనే డంపులు ఒకచోట చేరి, కుదించి నిల్వ అవుతాయి. విండోస్‌లో సర్వీసులు, అప్లికేషన్ల డంపులు మన యంత్రంలోనే దాచుకోవాలంటే రిజిస్ట్రీలో లోకల్ డంప్స్ అనే కీ మనమే సృష్టించాలి. కెర్నెలే కూలి నీలి తెర వస్తే రాసే పెద్ద డంపు ఫైలు ఒక్కటే ఉంటుంది. తర్వాతి క్రాష్ దాన్ని తుడిచి రాయడం, రాసిన వెంటనే యంత్రం తనంతట తానే రీస్టార్ట్ కావడం అక్కడ మామూలు సెట్టింగులు.

నా అసలు ఫిర్యాదు ఇక్కడే ఉంది. నిల్వకు హద్దు పెట్టినచోటల్లా ముందు పోయేది అన్నిటికంటే పాత డంపు. సిస్టమ్‌డీ తన డంపులు డిస్కులో పది శాతం దాటకుండా, పదిహేను శాతం ఎప్పుడూ ఖాళీగా ఉండేలా చూస్తుంది. హద్దు దాటితే పాతవాటి నుంచి తీసేస్తుంది. విండోస్ కీ కూడా మనం ఏమీ చెప్పకపోతే పది డంపులే ఉంచి, పదకొండోది రాగానే అన్నిటికంటే పాతదాన్ని పారేస్తుంది. నెలకొకటి కూలే యంత్రంలో ఇది సబబే. కానీ పరిశ్రమలో సర్వీసులను ‘కూలితే వెంటనే లేపు’ అన్న సూచనతో నడుపుతారు. ఒక లోపంతో కూలిన సర్వీసు సగం రాసిన డేటా ఫైలును వదిలిపోతుంది. మళ్లీ లేచి ఆ పాడైన ఫైలు చదవబోయి మరో కారణంతో కూలుతుంది. నిమిషానికి నాలుగైదుసార్లు ఇలా జరిగితే మూడు నిమిషాల్లోపే పది డంపులు నిండిపోతాయి. మిగిలినవన్నీ రెండో కారణాన్నే చూపిస్తాయి, మూలం చెప్పే తొలి డంపు పోయి ఉంటుంది. ఇంజనీరు వచ్చి చూసేవి అన్నీ పర్యవసానాలే. కాబట్టి డంపుల విధానంలో మొదటి నియమం ఇదై ఉండాలి: ఏ ప్రోగ్రామ్‌కైనా తొలి డంపు పుట్టిన వెంటనే వేరే యంత్రానికి నకలు వెళ్లాలి, స్థలం, సంఖ్యల హద్దు కోసం దాన్ని చెరిపే అధికారం ఏ ఆటోమేటిక్ నియమానికీ ఉండకూడదు. రెండో నియమం, కొద్ది నిమిషాల్లో ఇన్నిసార్లకు మించి కూలితే లేపడం ఆపి మనిషిని పిలవాలి.

డంపులతో నిజంగా కారణం తేలుతుందా అన్నవారికి 2024 జులై 19 గుర్తు చేస్తాను. ఆ ఉదయం మన సమయం 9 గంటల 39 నిమిషాలకు క్రౌడ్‌స్ట్రయిక్ అనే సైబర్ భద్రతా సంస్థ పంపిన ఒక అప్‌డేట్‌తో ప్రపంచంలో సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెర వేశాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆ యంత్రాలు వదిలిన కెర్నెల్ డంపులను మైక్రోసాఫ్ట్ విశ్లేషించింది. అవి ఒకే డ్రైవర్ వైపు, హద్దు దాటి మెమరీ చదివిన ఒకే రకం తప్పు వైపు వేలు చూపాయి. ఇరవై ఒక్క విలువలు వస్తాయని ఎదురుచూసే చోటికి ఇరవై మాత్రమే అందాయని, లేని ఇరవై ఒకటోదాన్ని చదవబోయి డ్రైవర్ కూలిందని క్రౌడ్‌స్ట్రయిక్ తర్వాత తన నివేదికలో ఒప్పుకుంది. లక్షల యంత్రాలు ఒకేసారి పడిపోయినప్పుడు సైబర్ దాడి అన్న అనుమానం రావడం సహజం. దాన్ని వాదనతో కాక ఆధారంతో తోసిపుచ్చడానికి ఉపయోగపడేవి ఇలాంటి డంపులే.

ముందే దేన్ని నమోదు చేయాలో నిర్ణయించకపోతే ఏమవుతుందో విశాఖకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2020 మే 7 వేకువన ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారంలో ఎం6 ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి పన్నెండు మంది ప్రాణాలు పోయాయి. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగు భాగంలోనే ఉందని, పై పొరల వేడి తెలుసుకునే దారి లేదని విచారణ కమిటీలు ఎత్తిచూపాయి. అది సాఫ్ట్‌వేర్ ప్రమాదం కాదు, దాని కారణాలు వేరు, దాని విషాదం వేరు. అయినా కొలవడం, దాచడం గురించి అది చెప్పింది ఏ యంత్రానికైనా వర్తిస్తుంది. ఎక్కడ సెన్సార్ లేదో అక్కడి సంగతి ప్రమాదానికి ముందు కనిపించదు, తర్వాత ఏ కమిటీ వేసినా తిరిగి రాబట్టలేం.

అభ్యంతరాలు తేలికగా తీసిపారేసేవి కావు. మొదటిది ఉత్పత్తి విభాగం నుంచి వస్తుంది. బ్లాస్ట్ ఫర్నేస్ రాత్రింబవళ్లు మండేది, కరిగిన ఇనుము ఎవరి కోసమూ ఆగదు, వందల గిగాబైట్ల మెమరీ డిస్కు మీదికి రాసేదాకా కంట్రోల్ కంప్యూటర్ లేవకుండా కూర్చుంటే ఎలా అని. న్యాయమైన ప్రశ్నే. అలాంటిచోట మొత్తం మెమరీ అడగకూడదు. రిజిస్టర్లు, థ్రెడ్ల స్టాకులు ఉన్న మినీ డంపు చాలాసార్లు కొన్ని మెగాబైట్లకు మించదు, క్షణాల్లో రాయవచ్చు. లినక్స్‌లో ఏ రకం మెమరీ రాయాలో ఒక్కో ప్రాసెస్‌కూ వడపోత పెట్టవచ్చు. ప్రమాదకరమైనది మధ్యస్థపు రాజీ, అంటే పూర్తి డంపు అడిగి పరిమాణపు హద్దు చిన్నగా పెట్టడం. ఫైలు సగంలో తెగిపోతుంది. స్టాక్ సాధారణంగా పై చిరునామాల్లో, అంటే ఫైలు చివర ఉంటుంది కాబట్టి తెగిపోయేది సరిగ్గా మనకు కావలసిన భాగమే. చిన్నదైనా సరే సంపూర్ణమైన డంపు కావాలి.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. డంపులో ఆ క్షణపు మెమరీ ఉంటుంది కాబట్టి పాస్‌వర్డులు, సంకేత తాళాలు, మనుషుల వివరాలు అన్నీ అందులో ఉండవచ్చు. 2023లో చైనాకు చెందిన హ్యాకర్లు సుమారు పాతిక సంస్థల ఈమెయిళ్లలోకి చొరబడినప్పుడు, వారు వాడిన తాళం 2021 నాటి ఒక క్రాష్ డంపు ద్వారా బయటపడి ఉంటుందని మైక్రోసాఫ్ట్ మొదట చెప్పింది. ఆ తాళం ఉన్న డంపు ఏదీ దొరకలేదని 2024 మార్చిలో సవరించుకుంది. డంపు దోషం రుజువు కాకపోయినా, అలా జరగడం సాధ్యమేనని ఆ సంస్థే భావించిందన్నది మరువరానిది. 2025 మేలో క్వాలిస్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు సిస్టమ్‌డీ డంపు సేకరణలో, ఉబుంటు వాడే అపోర్ట్‌లో లోపాలు బయటపెట్టారు. వాటితో మామూలు వినియోగదారు ఉన్నతాధికారాలున్న ప్రోగ్రామ్ డంపు చదివి పాస్‌వర్డ్ హ్యాష్‌లు రాబట్టవచ్చని చూపారు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న విశాఖలో ఇది చిన్న విషయం కాదు. అయినా దీనికి జవాబు డంపులు ఆపేయడం కాదు. ఉన్నతాధికార ప్రోగ్రాములకు డంపు నిషేధించవచ్చు, తాళాలున్న మెమరీని డంపులో చేర్చవద్దని ప్రోగ్రామరే కెర్నెల్‌కు చెప్పవచ్చు. నకలు వెళ్లే యంత్రాన్ని సంస్థ గోడల లోపలే ఉంచి, ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసి, తెరిచినవారి పేరు నమోదు చేయించవచ్చు.

డంపు మాకెలాగూ చదవడం రాదు, సాఫ్ట్‌వేర్ అమ్మినవాడే చదవాలి అన్నది మూడో మాట. నిజమే, డంపుకు సరిపోయే సింబల్ ఫైళ్లు లేనిదే అందులో కనిపించేవి ఉత్త అంకెలే. ఆ ఫైళ్లు కూడా సరిగ్గా ఆ బిల్డ్‌వే కావాలి. అందుకే ఈ ప్రశ్న సర్వర్ గది కంటే ముందు టెండరు పత్రంలో తేలాలి. ప్రతి బిల్డ్‌కూ సింబల్స్ అప్పగించడమో, డంపు పంపిన ఇన్ని రోజుల్లో కారణం రాతపూర్వకంగా చెప్పడమో ఒప్పందంలో ఉండాలి.

సర్కారు కూడా ఇక్కడ సగం దూరమే నడిచింది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశం లాగులను 180 రోజులు దాచమంటుంది, సైబర్ ఘటనలను ఆరు గంటల్లో తెలియజేయమంటుంది. సిస్టమ్‌డీ మాత్రం డంపులను వెర్షన్‌ను బట్టి మూడు రోజులకో రెండు వారాలకో చెరిపేసేలా వస్తుంది. ఒకే సంఘటన తాలూకు లాగ్ ఆరు నెలలు నిలిచి, డంపు పక్షం తిరక్కుండా పోతే విచారణకు మిగిలేది అరకొర సాక్ష్యమే. కీలక యంత్రాల్లో తొలి డంపుకూ అదే 180 రోజుల గడువు పెట్టుకోవడం కనీస మర్యాద.

2025 అక్టోబరులో గూగుల్ విశాఖలో 1,500 కోట్ల డాలర్ల డేటా సెంటర్ ప్రకటించింది. పోర్టు, ఉక్కు కర్మాగారం, వాటి చుట్టూ అల్లుకున్న చిన్న సంస్థలు ఏటికేడు మరిన్ని పనులు ప్రోగ్రాములకు అప్పగిస్తున్నాయి. వీటిని నడిపే ఇంజనీర్లకు నా విన్నపం ఒకటే. కొత్త యంత్రాన్ని పనిలో పెట్టేముందు దాని మీద ఒక ప్రోగ్రామ్‌ను కావాలనే కూల్చండి. లినక్స్‌లో దానికి 11వ నంబరు సిగ్నల్ పంపితే సరిపోతుంది. తర్వాత పన్నెండుసార్లు వరుసగా కూల్చి, మొదటి డంపు రెండో యంత్రంలో పూర్తిగా ఉందో లేదో, తెరుచుకుంటుందో లేదో చూడండి. లేకపోతే ఆ యంత్రాన్ని ఇంకా పనిలో పెట్టకండి.