నాలుగవ స్థానమున కెవరు?

వేసవి సెలవులలో కోటబొమ్మాళిలోని మా యింటి యరుగుమీద పిల్లలు చేరి వన్డే క్రికెట్టునకు ఊహాజట్టులు కూర్చుకొనుచుందురు. ఇందు పందెము లేదు. ధనమొడ్డి యాడు అంతర్జాలపు ఆటలను 2025లో కేంద్రప్రభుత్వము చట్టముచే నిషేధించినది. మా వారికి కాగితమును పెన్సిలును చాలును. నియమ మొక్కటే: పదునొకండుగురిలో నొకడు, లోకము తగినంత గుర్తింపని బ్యాటరు కావలెను.

ఈ నియమము తెలివైనది. తెందూల్కరును, కోహ్లీయు అందఱి కాగితములందును ఉందురు. కావున వారివలన నెవరికిని ఆధిక్యము రాదు. ఇతరులు తలపని యొక్కని నేర్చుకొన్నవారికే లాభము.

మమ్మడుగగా, అంబటి రాయుడని చెప్పితిమి. మా పెద్దమ్మాయి నవ్వి, "ఆయన ప్రపంచకప్పులో ఒక్క ఆటైనా ఆడలేదు కదమ్మా!" యనెను. నిజమే. 2015లో జట్టునందుండియు బరిలో దిగలేదు. 2019లో జట్టునకే యెంపిక కాలేదు.

అయినను లెక్క చూడుడు. 1985లో గుంటూరున జన్మించిన రాయుడు 2013 మొదలు 2019 వఱకు 55 వన్డేలాడి 1694 పరుగులు చేసెను. శతకములు 3, అర్ధశతకములు 10. సగటు 47.05. ఆడిన యాటలు తక్కువ గనుక మొత్తము చిన్నది; సగటు మాత్రము చిన్నది కాదు. లోపమును దాచము: నూఱు బంతులకు సుమారు 79 పరుగులే. వేగమునకే గుణములిచ్చు ఆటలో ఆతనిని మొదట పంపరాదు. ఆతని చోటు నాలుగవది.

ఆ పరుగు లెప్పుడు వచ్చినవో చూడవలెను. 2015లో హరారేయందు జింబాబ్వేపై 87 పరుగులకు అయిదు వికెట్లు పడగా, రాయుడు 124తో నజేయుడై నిలిచెను. మనవారు 4 పరుగులతో గెలిచిరి. 2019 ఫిబ్రవరి 3న వెల్లింగ్టనులో న్యూజిలాండుపై 18 పరుగులకే నాలుగు వికెట్లు కూలెను. రోహితు, ధావను, ధోనీ వెడలిపోయిరి. రాయుడు 113 బంతులలో 90 చేసెను. జట్టు 252కు చేరి, 35 పరుగులతో గెలిచెను. ఆ యేప్రిలులో ప్రకటించిన ప్రపంచకప్పు జట్టున ఆతని పేరు లేదు.

పండుగనాటి పిండివంటలను అందఱును తలతురు. బియ్యము నిండుకొన్ననాడు గంజితో నింటిల్లిపాది కడుపు నింపిన చేతిని తలచువా రరుదు. ఇది మనకు క్రొత్త సంగతి కాదు.

పెద్దమ్మాయి కొంతసేపు మాటాడలేదు. పిదప కాగితమున నాలుగవ పేరు కొట్టివేసి, రాయుడని వ్రాసుకొనెను. మీ యింటి పిల్లలు జట్టు కూర్చునపుడు మీరును ఒక పేరు చెప్పుడు.