వాన నీటికి పాత డ్రమ్ము: ధర కన్నా ముందు అడగవలసిన ప్రశ్న

సూరత్‌లో ఏడాది వర్షమంతా దాదాపు జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే కురుస్తుంది. 20 చదరపు మీటర్ల రేకుల కప్పుపై 10 మిల్లీమీటర్ల వాన పడితే 200 లీటర్ల నీరు. కొంత వృథా అయినా ఒక పెద్ద డ్రమ్ము నిండవస్తుంది. తెలంగాణ నుంచి వలస వెళ్లిన నేత కుటుంబాలు నివసించే లింబాయత్ వంటి ప్రాంతాల ఇరుకు ఇళ్లలో సిమెంటు తొట్టికి చోటు దొరకడం కష్టం. అందుకే చూపు పాత నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్ముపై పడుతుంది.

చిక్కు అక్కడే ఉంది. ఇది అద్దకం మిల్లుల నగరం. పాత సామాను దుకాణానికి చేరే డ్రమ్ముల్లో రంగులు, ఆమ్లాలు నింపినవీ ఉంటాయి. ప్లాస్టిక్ పీల్చుకున్న రసాయనం ఎంత కడిగినా పూర్తిగా పోదు. తరువాత నీటిలోకి కొద్దికొద్దిగా దిగుతుంది. అడుగున త్రికోణంలో 2 అంకె ఉంటే అది ఏ రకం ప్లాస్టిక్కో తెలుస్తుందే తప్ప, అందులో ఏమి నిల్వ చేశారో తెలియదు. చీటీ చించేసిన డ్రమ్మును ఎంత చౌకగా ఇచ్చినా తీసుకోరాదు. వంటనూనె, పంచదార పాకం వంటివి వచ్చిన డ్రమ్ము కాస్త ఖరీదైనా నయం.

తొలి వానను కప్పు కడగడానికే వదిలి, తరువాతి నీటిని పట్టాలి. డెంగీ దోమ గుడ్డు నుంచి వారం, పది రోజుల్లో ఎదుగుతుంది కనుక డ్రమ్ము మూతికి సన్నని వల బిగించి కట్టాలి. ఈ నీరు బట్టలకు, గిన్నెలకు, మొక్కలకు, తాగడానికి కాదు.