ప్రభుత్వానికి సలహా చెప్పే శాస్త్రజ్ఞులు

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, లాస్ ఏంజెలిస్ దగ్గర ఆలిసో కాన్యన్ అనే చోట, చమురు తోడేసిన భూగర్భపు పొరల్లో సహజవాయువును నిలవ చేస్తారు. 2015 అక్టోబరులో అక్కడొక పాత బావి గొట్టం పగిలింది. నాలుగు నెలలపాటు మీథేన్ వాయువు బయటికి చిమ్మింది. వేల కుటుంబాలు ఇళ్లు వదిలిపోయాయి. ఇలాంటి నిలవలన్నీ మూసెయ్యాలని కొందరు, మూస్తే చలికాలం గడిచేదెలా అని మరికొందరు!

ఎవరి మాట నమ్మాలి? కంపెనీ నిపుణుడు కంపెనీ లాభం చూడవచ్చు. ప్రభుత్వోద్యోగి పైఅధికారి ముఖం చూసి మాట్లాడవచ్చు. ఇటువంటి చిక్కుల్లో అక్కరకు రావడానికే శాసనసభ కోరికపై 1988లో 'కాలిఫోర్నియా శాస్త్ర సాంకేతిక మండలి' ఏర్పడింది. అది ప్రభుత్వ శాఖ కాదు. లాభాపేక్ష లేని వేరే సంస్థ. విశ్వవిద్యాలయాలు, పరిశోధనాలయాలు దానికి అండ.

మండలి నియమించిన బృందం 2018 జనవరిలో నివేదిక ఇచ్చింది. అది ఏ పక్షానికీ పూర్తిగా రుచించేది కాదు. నిలవలు లేకుండా రాష్ట్రానికి ఇప్పట్లో గడవదంది. అయితే పాత బావుల్లో వాయువుకు ఒక్క గొట్టమే అడ్డు, అది చిల్లిపడితే రెండో అడ్డు లేదని ఎత్తిచూపింది.

మూయాలా, ఉంచాలా అన్న నిర్ణయం మాత్రం మండలిది కాదు, ప్రభుత్వానిదే. నివేదికను దాచలేదు; ఎవరైనా తెప్పించుకుని చదవవచ్చు.