గ్లాసుకి గులిమి ఎక్కడిది?

సెమిస్టర్ సెలవుల్లో నా కుడి చెవి దిబ్బడ వేసింది. ఆన్‌లైన్‌లో ఇయర్ క్యాండిల్స్ జత తెప్పించా. మైనంలో ముంచిన గుడ్డను గొట్టంలా చుట్టి అమ్ముతారు. ఒక కొస చెవిలో పెట్టి రెండోది వెలిగిస్తే, ఆ వేడి గులిమిని పైకి లాగేస్తుందని ప్రచారం.

అక్క వెలిగించింది. ఆర్పి విప్పితే లోపల గోధుమరంగు ముద్ద! కానీ చెవి మాత్రం అలాగే ఉంది. డౌటొచ్చి రెండోదాన్ని ఖాళీ గ్లాసులో నిలబెట్టి కాల్చాం. మళ్ళీ అదే ముద్ద.

“గ్లాసుకి గులిమి ఎక్కడిదిరా?” అంది అక్క.

అదంతా కాలిన మైనం, గుడ్డ మసి. 1996లో పరిశోధకులు కొలిచి చూస్తే ఈ గొట్టం దేన్నీ పీల్చడం లేదని తేలింది.

మర్నాడు ఈఎన్‌టీ డాక్టర్ నా చెవిలో మైనం బొట్టు చూపించారు. కర్ణభేరి కాలనందుకు సంతోషించమన్నారు. కొన్ని రోజులు చుక్కలు వేసుకుని గులిమి మెత్తబడ్డాక ఆయనే తీసేశారు. గ్లాసు టెస్ట్ ముందే చేయాల్సింది.