పాత బోటు మోటారుకు కొత్త ఊపిరి



మన ఆసుపత్రి పడవ నెలకు రెండుసార్లు గోదావరి లంక గ్రామాలకు వెళుతున్న సంగతి మీకు తెలిసినదే. గర్భిణీ స్త్రీల పరీక్షలు, పసిపిల్లల టీకాలు, బి.పి., షుగరు మందులు అన్నీ ఆ పడవ మీదే చేరాలి. ఉన్న ఒక్క మోటారు మొరాయిస్తే ఆ రోజు క్లినిక్కు ఆగిపోతుంది. రెండవ మోటారు కొత్తది కొనే స్తోమత లేక, గత సంవత్సరం ఒక పాత మోటారును కొని బాగుచేయించాము. అటువంటి పని తలపెట్టే సంఘాలకు, మత్స్యకార కుటుంబాలకు ఉపయోగపడాలని మా అనుభవాన్ని ఇక్కడ పంచుకుంటున్నాము.

ఈ మోటారు ఎక్కడిది?

పడవ వెనుక చెక్కకు బిగించే మోటారును అవుట్‌బోర్డు మోటారు అంటారు. నార్వేలో 1877లో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో ఇటువంటి మోటార్ల అమ్మకం మొదలుపెట్టాడు. భార్య బెస్ వ్యాపార లెక్కలు, ప్రకటనలు చూసుకునేది. ఆమె ఆరోగ్యం చెడిపోగా, కొన్నేళ్లకే ఆయన కంపెనీలో తన వాటా అమ్మివేసి ఆమెను చూసుకున్నాడు. తర్వాత ఇద్దరూ మళ్ళీ ఈ రంగంలోకే వచ్చారు. 1936లో ఎవిన్‌రూడ్, జాన్సన్ మోటార్లు ఒకే సంస్థ కిందికి చేరాయి. ఆ సంస్థ 2000లో దివాలా తీసింది. దాన్ని కొన్న మరో కంపెనీ 2020లో ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీ ఆపివేసింది. అయినా పాత మోటార్లకు కావలసిన ముఖ్యమైన విడిభాగాలను ఇతర కంపెనీలు తయారుచేస్తూనే ఉన్నాయి.

మాకు దొరికినది 1950ల నాటి జాన్సన్ సీహార్స్, 10 హార్స్‌పవర్. బరువు 30 కిలోలకు దగ్గర. ఏళ్ల తరబడి ఒక గోడౌనులో మూలపడి ఉన్నది. మాకు సాయపడిన పెద్ద మేస్త్రీ గారు దాన్ని చూసి, "ఇది చచ్చిన ఇంజను కాదండి డాక్టరమ్మ గారూ, తిండి లేక నీరసించిన ఇంజనండి" అన్నారు.

కొనేముందు చూడవలసినవి

1. ఫ్లైవీల్‌ను చేతితో తిప్పితే తిరగాలి. అసలు కదలకపోతే లోపల పట్టేసిందని అర్థం.
2. రెండు సిలిండర్లలో కంప్రెషన్ దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి బాగా తక్కువైతే ఆ బేరం వదులుకోవడం మంచిది.
3. కింది గేరుపెట్టె స్క్రూ వదులు చేసి నూనె చూడాలి. పాలలా తెల్లగా వస్తే లోపలికి నీరు చేరింది, సీళ్ళు మార్చాలి.
4. మోడల్ నంబరు రేకు చూడాలి. అది లేకపోతే విడిభాగాలు వెతకడం కష్టం.

మోటారు కొన్న సొమ్ముకంటే బాగుచేయడానికి అయిన ఖర్చే ఎక్కువ. ఆ లెక్క ముందే వేసుకోవాలి.

ఏమేమి మార్చాము?

ఇనుము కంటే ముందు పాడయ్యేది రబ్బరు, కార్కు. నీళ్ళ పంపులోని రబ్బరు చక్రం ఎండి బిగుసుకుపోయింది. అది పనిచేయకపోతే ఇంజనుకు నది నీరు అందదు, కొద్ది నిమిషాల్లోనే వేడెక్కిపోతుంది. పగుళ్ళిచ్చిన ఇగ్నిషన్ కాయిల్స్, కండెన్సర్లు, పాయింట్లు మార్చాము.

ఈ రకం మోటారు గాలిని పెట్రోలు ట్యాంకులోకి పంపి, ఆ ఒత్తిడితో పెట్రోలును పైకి తోస్తుంది. పైపు చిట్లితే పెట్రోలు చిమ్ముతుంది. రోగులు ఎక్కే పడవలో అది తగదు కనుక, ఆ పద్ధతి తీసివేసి చిన్న పెట్రోలు పంపు పెట్టించాము. ఇప్పుడు మన బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. అది పాత కార్కు మీది లక్క పూతను కరిగిస్తుంది. అందుచేత కార్బొరేటర్‌లోని కార్కు తీసి ప్లాస్టిక్‌ది వేశారు, పైపులన్నీ కొత్తవి. ఈ మోటారుకు 24 లీటర్ల పెట్రోలుకు ఒక లీటరు చొప్పున, బోటు మోటార్లకే తయారుచేసిన టూ-స్ట్రోక్ ఆయిల్ కలుపుతున్నాము.

బాగుచేసేవారి ఆరోగ్యం

మోటారు బాగుపడి మనిషి మంచాన పడితే లాభమేమిటి? షెడ్డులో మేము గోడకు అంటించిన జాగ్రత్తలు ఇవి.

* పైపును నోటితో పీల్చి పెట్రోలు తీయకండి. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోయినా ప్రమాదకరమైన న్యుమోనియా రావచ్చు. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, ఉప్పునీళ్ళు, పాలు పట్టకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. మొదట బాగానే ఉన్నట్టు కనిపించినా కొన్ని గంటల తరువాత ఆయాసం మొదలుకావచ్చు.
* చేతుల మడ్డి పెట్రోలుతో కడగకండి. చర్మం పగిలి పుండ్లు పడతాయి. సబ్బు, రంపపు పొట్టు చాలు.
* పాత రంగులో సీసం ఉండవచ్చు. పొడిగా గీకితే ఆ ధూళి లోపలికి పోతుంది. నీటితో తడిపి గీకండి, పిల్లలను దగ్గరకు రానివ్వకండి. పాత ప్యాకింగుల్లో ఆస్బెస్టాస్ ఉండవచ్చు గనుక వాటినీ తడిపే తీయాలి.
* డ్రమ్ము నీళ్ళలో మోటారు నడిపి చూసేటప్పుడు ఆరుబయటే నడపండి. మూసిన షెడ్డులో చేరే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, వికారం, తల తిరగడం మొదలైతే వెంటనే బయటి గాలిలోకి తీసుకువచ్చి, ఆసుపత్రికి చేర్చండి.
* ప్రొపెల్లర్ ముట్టుకునే ముందు స్పార్కు ప్లగ్గుల వైర్లు ఊడదీయండి. మోటారును ఎప్పుడూ ఇద్దరు కలిసి ఎత్తండి. తుప్పు ఇనుము గీసుకుంటే గాయాన్ని సబ్బునీటితో కడిగి, ధనుర్వాతం ఇంజెక్షను సంగతి అడగండి.

నది మీద మా నియమం

మోటారు మొదటిసారి అందుకున్న రోజు అందరం దేవునికి స్తోత్రం చెప్పాము. కానీ ఆ రోజే రోగిని ఎక్కించలేదు. సిబ్బందితో మాత్రమే నలభై గంటలు నడిపి, ప్రతి ప్రయాణం పుస్తకంలో రాసి, ఆ తరువాతే క్లినిక్కు పనికి వాడాము. నేటికీ తెడ్లు లేకుండా పడవ రేవు దాటదు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన దుర్ఘటన మనం మరువరానిది. లైఫ్ జాకెట్ కట్టుకోని వారిని, డాక్టరు గారైనా సరే, ఎక్కించుకోము.

ఈ మోటారుకు ఉన్న హద్దు కూడా చెప్పాలి. 2022 జులైలో ధవళేశ్వరం బ్యారేజీ నుండి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. అటువంటి ప్రవాహానికి 10 హార్స్‌పవర్ ఎదురు నిలవదు. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. మా పడవ ఆ హెచ్చరికతో ఆగిపోతుంది. ఆ తరువాత ప్రభుత్వ రక్షక బృందాల పడవలే దిక్కు.

కనుక లంకల్లోని అక్కచెల్లెళ్ళకు, అత్తమామలకు మా మనవి ఒక్కటే. జులై నుండి సెప్టెంబరు లోపు కాన్పు ఉన్న బిడ్డను నొప్పులు వచ్చేదాకా ఇంట్లో ఉంచకండి. తొమ్మిదో నెల రాగానే గట్టుకు ఇవతల బంధువుల ఇంటికిగాని, ఆసుపత్రి దగ్గరికిగాని చేర్చండి. నీరు తగ్గి ఉన్న రోజుల్లో తీసుకురావడానికి ఇప్పుడు మన దగ్గర రెండు మోటార్లు ఉన్నాయి. మీ ఊరి ఆశా కార్యకర్తకు ముందుగా తేదీ చెబితే చాలు, పడవ మీ రేవుకు వస్తుంది.

ఈ పనిలో చేయి కలిపిన మేస్త్రీ గారి కోసం, పడవ నడిపే సహోదరుల క్షేమం కోసం మీ అనుదిన ప్రార్థనలలో జ్ఞాపకం చేసుకొనగలరు.