సెల్ అయిపోయినా ఆగని కెమెరా

ఇంట్లో పాత పెంటాక్స్ కె1000 దొరికింది. సెల్ ఎప్పుడో అయిపోయింది. ఇంకా ఫొటోలు తీస్తుందా? బాగుంటే తప్పకుండా తీస్తుంది.

సెల్ లేకుండా ఎలా?

కుడివైపు మీటను బొటనవేలితో లాగినప్పుడు ఫిల్ము ముందుకు జరుగుతుంది, లోపలి స్ప్రింగులు బిగుసుకుంటాయి. బటన్ నొక్కగానే అద్దం పైకి లేస్తుంది. ఫిల్ముకు అడ్డంగా ఉన్న షట్టర్, అంటే రెండు గుడ్డ తెరలు, ఒకదాని వెనక ఒకటి పక్కకు పరుగెడతాయి. సెకను నుంచి సెకనులో వెయ్యో వంతు దాకా ఈ లెక్కంతా స్ప్రింగులదీ పళ్ల చక్రాలదీ. చిన్న బటన్ సెల్ వెలుతురు కొలిచే సూదికి మాత్రమే. ఆ సూదికి స్విచ్ లేదు, లెన్సులో వెలుతురు పడినంతసేపూ సెల్ ఖర్చవుతుంది. అందుకే వాడనప్పుడు లెన్సుకు మూత పెట్టాలి.

ఇంత సాదాగా ఎందుకు చేశారు?

చేతగాక కాదు. దీన్ని చేసిన అసాహీ ఆప్టికల్, 1952లో జపాన్ తొలి 35 మి.మీ. ఎస్ఎల్ఆర్ అసాహీఫ్లెక్స్‌ను తెచ్చిన సంస్థ. కె1000 వచ్చిన 1976లోనే కెనాన్ ఏఈ-1 మైక్రోప్రాసెసర్‌తో వచ్చింది. అసాహీ మాత్రం ధర తగ్గాలని సెల్ఫ్ టైమర్ కూడా తీసేసింది. ఫొటోగ్రఫీ నేర్చుకునేవాళ్లకు అదే కలిసొచ్చింది. 1997 దాకా ఈ కెమెరా తయారవుతూనే ఉంది.

రోలు ఎలా ఎక్కించాలి?

ఎడమవైపు గుండీని పైకి లాగితే వెనక తలుపు తెరుచుకుంటుంది. రోలును ఎడమ గదిలో పెట్టి, ఫిల్ము కొసను కుడి ఇరుసు చీలికలో దూర్చండి. పళ్లు రంధ్రాల్లో పడ్డాక తలుపు మూసి, గుండీని మెల్లగా తిప్పి వదులు తీసేయండి. ఇప్పుడు మీట లాగుతూ ఆ గుండీనే చూడండి. అదీ తిరిగితే ఫిల్ము కదులుతున్నట్టు. తిరగకపోతే కొస జారినట్టే. 36 సార్లు నొక్కినా రోలు ఖాళీగానే ఉంటుంది.

వెలుతురు ఎలా కుదర్చాలి?

సూది పనిచేయాలంటే కొత్త సెల్ వేసి, ముందు రోలు మీది ఐఎస్ఓ అంకెను కెమెరాలో పెట్టండి. వ్యూఫైండర్లో కుడిపక్క సూది మధ్యకు వచ్చేదాకా లెన్సు మీది ఎఫ్ అంకెల రింగునో, షట్టర్ వేగాన్నో మార్చండి. 1/125, ఎఫ్8 దగ్గర సూది కుదిరితే 1/500, ఎఫ్4 దగ్గరా కుదురుతుంది. పరుగెత్తే పిల్లకు రెండోది మేలు.

అమ్మమ్మ కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే మాత్రం సూది కిటికీ వెలుగునే లెక్కలోకి తీసుకుంటుంది, ముఖం నల్లబడుతుంది. అప్పుడు దగ్గరికెళ్లి, ఆవిడ ముఖమే నిండుగా కనిపించేలా పట్టుకుని సూది కుదర్చండి. వెనక్కి వచ్చాక సూది ఎటు జరిగినా అంకెలు మార్చకుండా నొక్కండి.