3.4 గేటు వద్ద సమాచార ఫలకం

పెద్ద విమానాశ్రయాల్లో చాలా గేట్ల వద్ద పైలట్‌కు ఎదురుగా ఎలక్ట్రానిక్ ఫలకం ఉంటుంది. కాక్‌పిట్ నుంచి ముందు చక్రం కనిపించదు. కనుక ఈ వ్యవస్థ లేజర్‌తో విమానం స్థానాన్ని కొలుస్తుంది. ఎటు జరగాలో బాణంతో, ఇంకా ఎంత దూరం రావాలో అంకెలతో చూపి, చివరకు 'స్టాప్' అంటుంది. వచ్చిన విమానం నమోదైన రకం కాకపోతే ముందే ఆపమంటుంది. లేకుంటే రెక్క దేనికైనా తగలవచ్చు.

బయలుదేరే ముందు కొన్నిచోట్ల ఇదే ఫలకంపై రెండు సమయాలు కనిపిస్తాయి. టీఓబీటీ అంటే విమానం కదలడానికి సిద్ధమయ్యే సమయం. టీసాట్ అంటే ఇంజన్లు ప్రారంభించడానికి అనుమతి దొరికే సమయం. ఇవి యూటీసీలో ఉంటాయి. 1030 అంటే మనకు సాయంత్రం 4 గంటలు. సామాను ఎక్కించేవారూ, పైలట్లూ ఒకే గడియారాన్ని అనుసరిస్తారు. రన్‌వే వద్ద ఇంజన్లు నడుపుతూ నిరీక్షించడం తగ్గుతుంది; ఇంధనం ఆదా అవుతుంది.